బీజగణితానికి పేరిచ్చిన అల్ ఖ్వారిజ్మీ: వారసత్వ లెక్కల నుంచి పిల్లల పుస్తకం దాకా

ఆరో తరగతి పిల్లలకు బీజగణితాన్ని చాలా చోట్ల అగ్గిపుల్లలతో పరిచయం చేస్తారు. ఒక త్రిభుజం పేర్చడానికి 3 పుల్లలు కావాలి. దాని పక్కనే, ఒక పుల్లను రెండింటికీ ఉమ్మడిగా వాడుకుంటూ ఇంకో త్రిభుజం పేరిస్తే మొత్తం 5 పుల్లలు. మూడు త్రిభుజాలకు 7. ఇంతవరకూ పిల్లలకు ఇది ఆటే. మరి 100 త్రిభుజాలకు ఎన్ని పుల్లలు? అన్నీ పేర్చి లెక్కపెట్టడం కుదరదు కదా. అప్పుడు ఎవరో ఒక పిల్లవాడో పిల్లో గమనిస్తారు: ప్రతిసారీ రెండేసి పెరుగుతున్నాయి, మొదట్లో మాత్రం ఒకటి అదనంగా ఉంది. అంటే 100ను రెట్టింపు చేసి ఒకటి కలిపితే చాలు, 201. ఆ పిల్లకు దొరికింది ఒక్క జవాబు కాదు, ఒక నియమం. ఎన్ని త్రిభుజాలైనా సరే, అదే నియమం.

తర్వాతి పేజీలో ఆ నియమాన్ని అక్షరంతో రాస్తారు. సరిగ్గా అక్కడే సగం మంది పిల్లలు ఆగిపోతారు. అంకెలు ఉండాల్సిన చోట ఎక్స్ ఏమిటి, దాంతో మనకేం పని అని అడుగుతారు. ఇంట్లో అమ్మీ దగ్గరా అబ్బా దగ్గరా జవాబు ఉండదు. పరీక్షలో వస్తుంది, నేర్చుకో అని చెప్పి ఊరుకుంటాం.

జవాబు ఉంది. పన్నెండు వందల ఏళ్ల కింద బాగ్దాద్‌లో ఒక మనిషి ఆ పని కోసమే పుస్తకం రాశాడు. ఆయన పేరు ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఆయన సుమారు 780లో పుట్టారు. పేరులోని ఖ్వారిజ్మ్ ఒక ప్రాంతం. అరల్ సముద్రానికి దక్షిణంగా, ఆము దర్యా నది చివరి మైదానాల్లో ఉంటుంది. ఇప్పుడు అది కొంత ఉజ్బెకిస్తాన్‌లో, కొంత తుర్క్‌మెనిస్తాన్‌లో ఉంది. అక్కడి ఖీవా నగరంలో ఆయన విగ్రహం కూడా ఉంది. కానీ ఆయన పేరు నిలబడింది బాగ్దాద్‌లో చేసిన పని వల్లే.

ఆయన కాలానికి బాగ్దాద్ ఇంకా కొత్త నగరమే. ఖలీఫా మన్సూర్ 762లో దాని నిర్మాణం మొదలుపెట్టాడు. హారూన్ రషీద్ చనిపోయాక ఆయన కొడుకులు అమీన్, మామూన్ సింహాసనం కోసం కొట్టుకున్నారు. 813లో మామూన్ గెలిచాడు, 819లో బాగ్దాద్‌కు వచ్చాడు. అన్నదమ్ముల యుద్ధంతో గద్దెనెక్కినవాడే చదువుకు గొప్ప పోషకుడయ్యాడు. చరిత్రలో ఇలాంటివి ఉంటాయి. ఆయన బైతుల్ హిక్మాలో గ్రీకు, సిరియాక్, ఫార్సీ, సంస్కృత గ్రంథాలు అరబీలోకి వచ్చాయి. ఖ్వారిజ్మీ ఆ గ్రంథాలయంతో కలిసి పనిచేసిన పండితుల్లో ఒకరు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒక మెసేజ్ తిరుగుతుంది, సున్నాను కనిపెట్టింది ఖ్వారిజ్మీయేనని. అది నిజం కాదు. అలా ఫార్వర్డ్ చేయడం ఆయనకు గౌరవం కూడా కాదు. బ్రహ్మగుప్తుడు సున్నాతో లెక్కలు చేసే నియమాలను 628లోనే రాశాడు. మన్సూర్ కాలంలో, 770ల్లో, భారతదేశం నుంచి ఖగోళ గణిత గ్రంథం బాగ్దాద్‌కు చేరింది. అరబ్బులు దాన్ని సింధ్‌హింద్ అన్నారు, సిద్ధాంతం అన్న మాటే అలా మారింది. ఖ్వారిజ్మీ తన ఖగోళ పట్టికలను ఆ దారిలోనే తయారుచేసి, ఆ పేరే పెట్టారు. తొమ్మిది అంకెలు, ఖాళీ స్థానానికి ఒక చిన్న సున్న పెట్టి ఎంత పెద్ద సంఖ్యనైనా రాయొచ్చని ఇంకో పుస్తకంలో వివరించారు. అవి హింద్ వాళ్ల అంకెలని అందులోనే స్పష్టంగా చెప్పారు. సొంత ఖాతాలో వేసుకోలేదు. ఈరోజుకీ గల్ఫ్‌లో కార్ల నంబర్ ప్లేట్ల మీద కనిపించే అంకెలను అరబ్బులు అర్ఖామ్ హిందియ్యా అనే అంటారు. అక్కడ పనిచేసి వచ్చిన మనవాళ్లను అడగండి, చెబుతారు.

ఇక అసలు పుస్తకం. దాని పేరు పొడుగు, అల్ కితాబ్ అల్ ముఖ్తసర్ ఫీ హిసాబ్ అల్ జబ్ర్ వల్ ముఖాబలా. జబ్ర్, ముఖాబలా అనే లెక్కింపు గురించి సంక్షిప్త పుస్తకం అని అర్థం. మామూన్ పాలనలో, అంటే 833 లోపు, ఆయన ప్రోత్సాహంతోనే రాశారు. ముందుమాటలో ఖ్వారిజ్మీ తన ఉద్దేశం చెప్పుకున్నారు. జనానికి వారసత్వాల్లో, వసీయత్‌లలో, పంపకాల్లో, కోర్టు తగాదాల్లో, వ్యాపారంలో, భూమి కొలతల్లో, కాలువలు తవ్వడంలో రోజూ అవసరమయ్యే లెక్కను సులువుగా అందించాలని. పండితుల కోసం రాసిన పుస్తకం కాదన్నమాట. అదే ముందుమాటలో ఇంకో విషయం కూడా ఉంది. కొందరు కొత్తది కనుగొంటారు, కొందరు పాతవాళ్లు అస్పష్టంగా వదిలినదాన్ని విడమరుస్తారు, కొందరు పాత పుస్తకంలో తప్పు కనబడితే రాసినవాణ్ని తక్కువ చేయకుండా దిద్దుతారు అంటారు. ఈ మూడో రకం వాళ్లు మనకు ఇప్పుడు బాగా తక్కువ.

పుస్తకంలో ఎక్స్ లేదు, ప్లస్ లేదు, ఈక్వల్ గుర్తు లేదు. సంఖ్యలు కూడా అక్షరాల్లోనే. తెలియని రాశిని ఆయన షై అన్నారు. ఉర్దూ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, షై అంటే వస్తువు. దాన్ని దానితోనే గుణిస్తే వచ్చేది మాల్. తెలిసిన మొత్తాలు దిర్హమ్‌లు. చూడండి, మాటలన్నీ బజారువే. ఈ షై నుంచే ఎక్స్ వచ్చిందని కూడా ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గానీ దానికి రుజువు లేదు. తెలియని రాశులకు ఎక్స్, వై, జెడ్ వాడుకను స్థిరపరిచింది ఫ్రాన్స్ పండితుడు డెకార్ట్, 1637లో. లాటిన్‌లో రెస్ అని, ఇటాలియన్‌లో కోసా అని అన్నది మాత్రం షైకి అనువాదమే. వాటికీ వస్తువనే అర్థం.

మాటలతో లెక్కలు అంతకుముందూ ఉన్నాయి. బాబిలోనియా వాళ్లు చేశారు, గ్రీకులు చేశారు, మనవాళ్లూ చేశారు. ఖ్వారిజ్మీ చేసిన కొత్త పని అగ్గిపుల్లల దగ్గర ఆ పిల్ల చేసినదే, చాలా పెద్ద ఎత్తున. ఆయన వందల రకాల లెక్కలను చూసి, పైకి ఎంత వేరుగా కనబడినా, లోపల ఉన్న అమరికలు ఆరే అని తేల్చారు. మాల్‌లు మూలాలకు సమానం కావడం, మాల్‌లు సంఖ్యకు సమానం కావడం, మూలాలు సంఖ్యకు సమానం కావడం, ఇవి సులువైన మూడు. మూడింటినీ రెండు వైపులా సర్దితే వచ్చేవి ఇంకో మూడు. రుణ సంఖ్యలను ఆయన లెక్కలోకి తీసుకోలేదు కాబట్టే ఆరయ్యాయి, లేకపోతే ఇంకా తగ్గేవి. ఏ లెక్కనైనా ఈ ఆరింటిలో ఒకదానిలోకి తీసుకురా, దాని నియమం పెట్టు, జవాబు వస్తుంది. పుస్తకం పద్ధతి ఇదే.

అలా తీసుకురావడానికే జబ్ర్, ముఖాబలా. ఉర్దూలో జబ్ర్ అంటే బలవంతం అనే వాడతాం. లెక్కల పీరియడ్ నచ్చని పిల్లలకు ఆ అర్థమే సరిగ్గా సరిపోయిందనిపించవచ్చు! కానీ అరబీలో దానికి ఇంకో అర్థం ఉంది, విరిగినదాన్ని తిరిగి అతికించడం. అల్లాహ్ నామాల్లో అల్ జబ్బార్ ఈ ధాతువు నుంచే వచ్చింది, విరిగినదాన్ని సరిచేసేవాడన్న అర్థాన్ని కూడా ఉలమాలు చెప్పారు. మన వీధుల్లో అబ్దుల్ జబ్బార్‌లు ఎంతమంది! స్పెయిన్‌లో ఎముకలు కట్టేవాణ్ని చాలా కాలం అల్జెబ్రిస్తా అనేవాళ్లు.

లెక్కలో అతికించడం ఎలాగో ఆయన పుస్తకంలోని లెక్కతోనే చూద్దాం. 10ని రెండు భాగాలు చెయ్యాలి. ఒక భాగాన్ని దానితోనే గుణిస్తే వచ్చేది, రెండు భాగాలను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేదానికి 4 రెట్లు ఉండాలి. ఒక భాగాన్ని షై అనుకుంటే, లెక్క చివరికి ఇలా తేలుతుంది: ఒక మాల్, 40 షైలలో 4 మాల్‌లు తక్కువైనదానికి సమానం. ఆ తక్కువ అనేదే విరిగిన చోటు. రెండు వైపులా 4 మాల్‌లు కలపండి. ఇప్పుడు 5 మాల్‌లు 40 షైలకు సమానం, విరుగు పోయింది. ఒక మాల్ 8 షైలకు సమానం, కాబట్టి షై 8. రెండో భాగం 2. ఎనిమిది ఎనిమిదులు 64, రెండు ఎనిమిదులు 16, దానికి నాలుగు రెట్లు 64. సరిపోయింది.

ముఖాబలా అంటే ఎదురెదురుగా పెట్టడం. రెండు వైపులా ఒకే రకం సరుకు ఉంటే రెండు వైపులా సమానంగా తీసేయడం. ఒకవైపు 50, ఇంకోవైపు 29 ఉంటే 29 తీసేసి ఇటు 21 మిగుల్చుకోవడం. నేను బీకాంలో ఖాతా రెండు వైపులా కలవడం లేదని గంటలు గంటలు కూర్చున్న రోజుల్లో ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. త్రాసు రెండు పళ్లాలనుకుంటే పిల్లలకు ఇంకా తొందరగా ఎక్కుతుంది. ఇటు తీసింది అటు కూడా తీయాలి, అంతే.

నియమం చెప్పి వదిలేస్తే ఆయన కూడా గైడు రాసేవాళ్లలాంటివాడే అయ్యేవారు. ఎందుకో కూడా చూపించారు, బొమ్మ గీసి. ఒక మాల్, దాని 10 మూలాలు కలిపితే 39 దిర్హమ్‌లు, ఆ మూలం ఎంత? ఆ పుస్తకంలో అన్నిటికంటే పేరుపొందిన లెక్క ఇది. ఒక కాగితం తీసుకుని మీ పిల్లలతో చేయించండి. భుజం తెలియని ఒక చతురస్రం గీయండి, అది మాల్. 10 మూలాలను సగం చెయ్యండి, అయిదు, అయిదు. చతురస్రానికి కుడివైపు 5 వెడల్పున్న ఒక పట్టీ, కింద 5 వెడల్పున్న ఇంకో పట్టీ అతికించండి. ఇప్పుడు ఉన్న మొత్తం వైశాల్యం 39. కానీ బొమ్మ పూర్తి చతురస్రం కాలేదు, ఒక మూల ఖాళీగా ఉంది. ఆ మూల 5కు 5, అంటే 25. అది పెట్టేస్తే 39, 25 కలిపి 64. పెద్ద చతురస్రం భుజం 8. అందులో పట్టీ వెడల్పు 5 తీసేస్తే 3. మూలం 3, మాల్ 9. తొమ్మిది, ముప్పై కలిపి 39. తొమ్మిదో పదో తరగతిలో వర్గాన్ని పూర్తిచేయడం అని పిల్లలు సూత్రంగా బట్టీ పట్టేది ఈ ఖాళీ మూలనే.

ఇంకో చోట 10ని రెండు భాగాలు చేసి, వాటి వర్గాలు కలిపితే 58 కావాలంటారు. పైన చెప్పిన 50, 29 ఆ లెక్కలోవే. దానికి 3 జవాబే, 7 కూడా జవాబే. ఈ రకంలో రెండు జవాబులు రావచ్చని, కొన్నిసార్లు అసలు రాకపోవచ్చని ఆయన ముందే హెచ్చరించారు.

ఆయన మిగతా పనులు క్లుప్తంగా చెబుతాను. భూగోళం మీద సూరతుల్ అర్ద్ అనే పుస్తకంలో 2,402 చోట్ల అక్షాంశాలు, రేఖాంశాలు ఇచ్చారు. టాలెమీ మధ్యధరా సముద్రాన్ని 60 డిగ్రీలు దాటించి సాగదీస్తే, ఈయన దాన్ని 50 డిగ్రీల దగ్గరకు దించి నిజానికి దగ్గర చేశారు. యూదుల క్యాలెండర్ లెక్క మీద కూడా ఒక చిన్న పుస్తకం ఉంది. తబరీ చరిత్రలో ఒక సంఘటన వస్తుంది. 847లో ఖలీఫా వాసిఖ్ జబ్బుపడితే నక్షత్రాలు చూసేవాళ్లను పిలిపించారు. ఇంకో 50 ఏళ్లు బతుకుతాడని వాళ్లు లెక్కగట్టారు. పది రోజులకే ఆయన పోయాడు. అక్కడున్నవాళ్ల జాబితాలో ఖ్వారిజ్మీ పేరు కూడా కనిపిస్తుంది. ఇలాంటివి దాచిపెట్టి గొప్పలు మాత్రమే చెబితే పిల్లలు పెద్దయ్యాక మనల్ని నమ్మరు. సుమారు 850లో ఆయన కన్నుమూశారు.

తర్వాతి కథ యూరప్‌ది. 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ స్పెయిన్‌లోని సెగోవియాలో ఉండి జబ్ర్ పుస్తకాన్ని లాటిన్‌లోకి మార్చాడు. అదే శతాబ్దంలో క్రెమోనాకు చెందిన గెరార్డ్ ఇంకోసారి చేశాడు. అల్ జబ్ర్ ఆల్జీబ్రా అయింది. అంకెల పుస్తకం లాటిన్‌లో అల్గోరిత్మీ అనే ఆయన పేరుతోనే తిరిగింది. అరబీ మూలం ఇప్పుడు లేదు, లాటినే మిగిలింది. అంచెలంచెలుగా లెక్క చేసే పద్ధతికి ఆ పేరే స్థిరపడింది. ఈరోజు ఫోన్‌లో మీకు ఏ వీడియో చూపించాలో నిర్ణయించే అల్గారిథమ్ ఆ మాటే. మన దగ్గర హైదరాబాద్‌లో ఉర్దూ మీడియం చదివిన పెద్దవాళ్లు మాత్రం దీన్ని జబ్ర్-ఓ-ముఖాబలా అనే పాత పేరుతోనే గుర్తుచేసుకుంటారు.

అయితే లాటిన్ అనువాదకులు పుస్తకం మొత్తం తీసుకెళ్లలేదు. దాదాపు సగం వదిలేశారు. ఆ సగం వసీయత్, వారసత్వాల లెక్కలు. వాళ్లకు వాటితో పని లేదు. ఆక్స్‌ఫర్డ్‌లోని 1342 నాటి చేతిరాత ప్రతి ఆధారంగా రోజెన్ 1831లో ఇంగ్లీషు చేసేదాకా బయటి ప్రపంచం ఆ భాగం పెద్దగా చూడలేదు. మనకు మాత్రం అదే దగ్గరి భాగం. ఎక్స్‌తో మనకేం పని అన్న ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది.

ఆయన ఇచ్చిన లెక్క ఒకటి. తండ్రి చనిపోయాడు. ఇద్దరు కొడుకులు. చేతిలో ఉన్న సొమ్ము 10 దిర్హమ్‌లు. ఒక కొడుకు తండ్రికి ఇంకో 10 దిర్హమ్‌లు బాకీ. ఆస్తిలో మూడో వంతు బయటి మనిషికి ఇవ్వాలని తండ్రి వసీయత్. తొందరపడితే మొత్తం 20 అనుకుంటాం. అప్పుడు బయటి మనిషికి ఆరు చిల్లర, రెండో కొడుకుకు ఆరు చిల్లర, కలిపితే 13 దాటుతుంది. చేతిలో ఉన్నదేమో 10! ఎక్కడి నుంచి ఇస్తారు? ఇంట్లో గొడవ ఇక్కడే మొదలవుతుంది. అందుకే ఖ్వారిజ్మీ బాకీలో ఆ కొడుకు వాటాకు సరిపడే భాగాన్నే ఆస్తిలో కలిపారు. కానీ వాటా తెలియాలంటే మొత్తం తెలియాలి, మొత్తం తెలియాలంటే వాటా తెలియాలి. అగ్గిపుల్లలు పేర్చి చూసినట్టు చూస్తే తెగేది కాదు. దానికి షై కావాలి.

ఆ వాటాను షై అనుకుందాం. మొత్తం ఆస్తి 10, ఒక షై. మూడో వంతు వసీయత్‌కు పోతే మిగిలేది మూడింట రెండు వంతులు. దాన్ని ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి మళ్లీ మూడో వంతే. అంటే ఒక్కో వాటా 10లో మూడో వంతు, షైలో మూడో వంతు కలిపినది. ఆ వాటాయే షై. రెండు వైపులా షైలో మూడో వంతు తీసేస్తే, షైలో మూడింట రెండు వంతులు 10లో మూడో వంతుకు సమానం. షై 5. మొత్తం ఆస్తి 15. బయటి మనిషికి 5, రెండో కొడుకుకు 5, చేతిలో ఉన్న 10 సరిగ్గా సరిపోయింది. బాకీ ఉన్న కొడుకు వాటా 5 అతని దగ్గరే ఉంది. మీ ఇంటి పంపకానికి ఆలిమ్‌ను అడగాల్సిందే, ఇది లెక్క అర్థం కావడానికి మాత్రమే. కానీ ఏడో తరగతి పిల్ల చేయగలిగిన సమీకరణం ఇది.

ఇంకో లెక్క చెబుతాను, ఇది మన ఆడపిల్లలున్న ఇళ్లకు. ఎందుకంటే మన ఇళ్లలో చాలా చోట్ల కూతుళ్లకు వాటా ఉందని చెబుతారు, ఎంతో చెప్పరు. అడిగితే అన్నయ్యలు చూసుకుంటారంటారు. ఖ్వారిజ్మీ పుస్తకంలో ఒక స్త్రీ చనిపోయింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్లు. ఆస్తిలో ఎనిమిదో వంతు, ఏడో వంతు కలిపి బయటి మనిషికి వసీయత్ చేసింది. ఆ రెండూ కలిపితే 56లో 15 వంతులు, వసీయత్‌కు ఉన్న మూడో వంతు హద్దు దాటలేదు. మిగిలిన 41 వంతులు వారసులవి. సూరా నిసాలో ఉన్న నియమం ప్రకారం, పిల్లలు ఉన్నారు కాబట్టి భర్తకు నాలుగో వంతు. మిగిలినది కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు చొప్పున. వారసుల భాగాన్ని 20 పాళ్లు చేస్తే భర్తకు 5, కొడుకుకు 6, ఒక్కో కూతురికి 3. చిల్లర రాకుండా ఉండాలని ఆయన 20ని 56తో గుణించి ఆస్తి మొత్తాన్ని 1,120 భాగాలు చేశారు. బయటి మనిషికి 300. భర్తకు 205. కొడుకుకు 246. ఒక్కో కూతురికి 123. కూతుళ్లతోనే కూడించి చూడమనండి, 1,120 రావాలి.